పంపుగారు, ట్యాంకుగారు

రోజూ సాయంత్రం ఐదూ ఇరవైకి పంపుహౌసులో ఫోను మోగేది. పంపు ఆపరేటరు రెండో మోతకి గాని ఎత్తేవాడు కాదు. మొదటి మోతకే ఎత్తితే, ఫోను పక్కనే కాచుకుని కూర్చున్నాడని అవతలి మనిషి అనుకుంటుందేమోనని ఆయన భయం. నిజానికి ఐదింటి నుంచీ ఆయన కూర్చునేది ఫోను పక్కనే.

"పంపుగారూ, ట్యాంకు నిండింది."

"మంచిదండీ ట్యాంకుగారూ. ఇక్కడ గేజిలో తొమ్మిది."

"ఇక్కడా తొమ్మిదే."

ఇద్దరికీ పేర్లు లేక కాదు. మొదటి రోజు అడగలేదు. రెండో రోజు అడగడానికి మొహమాటపడ్డారు. ఏడాది గడిచాక అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నారు. అలా తొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

ఈ చివర పంపుహౌసు. ఏడు కిలోమీటర్ల అవతల, స్తంభాల మీద ట్యాంకు. మధ్యలో నేల లోపల గొట్టం, దాని మీద ఊరంతా. ట్యాంకు కింద ఒక గది, ఆ గదిలో ఒక పెద్ద వాల్వు, గోడకి ప్రెషర్ చూపే గేజి, ఒక ఫోను, ఒక స్టూలు, ఒక మంచం, ఒక ఆవిడ. వాల్వు చూసే ఉద్యోగంలో ఉండగానే భర్త పోతే, ఆ ఉద్యోగమూ ఆ గదీ ఆమెకి వచ్చాయి. పంపు ఆపరేటరు ఆమెని ఒక్కసారీ చూడలేదు. ఏడు కిలోమీటర్లు ఏమంత దూరం, సైకిలెక్కితే అరగంట. కానీ ఏమని వెళతాడు? నీళ్లు బాగా అందుతున్నాయా అని అడగడానికా? ఫోనులో రోజూ అడిగేది అదేగా.

ఆయనకి యాభైనాలుగేళ్లు. భార్య పోయి పన్నెండేళ్లయింది, పిల్లలు లేరు. పంపుహౌసు వెనక గదిలోనే కాపురం. కాపురమంటే ఒక మనిషీ ఒక కంచమూ. నెలకోసారి అక్క ఫోను చేసేది. "మా ఇంటికొచ్చి ఉండరా, మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఆ మోటారు రొదలో నీకు పిచ్చెక్కుతుంది" అనేది. "సెలవు దొరకదక్కా" అనేవాడు. ఉద్యోగమే మానేసి రమ్మంటుంటే మధ్యలో సెలవు గొడవేమిటని ఆవిడ ఎన్నడూ ఎదురడగలేదు. అక్కలకి కొన్ని చెప్పకపోయినా అర్థమవుతాయి.

పంపుహౌసు గోడ మీద ఒక బోర్డు ఉంది. "ముందు పంపు ఆపవలెను, తరువాత వాల్వు మూయవలెను." రంగు వెలిసిపోయినా అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇద్దరూ కలిసి దాన్ని తొమ్మిదేళ్లుగా తిరగేసి పాటిస్తున్నారు. మొదట్లో అందుకు కారణం ఉండేది. ట్యాంకు పొర్లితే నీళ్లన్నీ ఆమె గుమ్మంలోనే పడేవి, ఫోను ఒక్కోసారి ఓ పట్టాన కలిసేది కాదు. అందుకని ముందు వాల్వు మూసి, తర్వాత ఫోను చెయ్యడం ఆమె భర్త నాటి నుంచీ వచ్చిన అలవాటు. చక్రం ముప్పైరెండు చుట్లు తిప్పితే వాల్వు మూతపడుతుంది. ఈ చివర పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు పోవడానికి దారి లేక అందులోనే సుడులు తిరుగుతుంటాయి. ఐదారు నిమిషాలైతే ఫరవాలేదు. పావుగంటైతే లోపలి నీళ్లు కాగి పంపుకి జ్వరం వస్తుంది.

ఆ ఐదారు నిమిషాల కోసమే ఆయన మిగతా రోజంతా గడిపేవాడు. పంపు తిరుగుతున్నంతసేపూ ఆ ఫోను డ్యూటీ కిందే లెక్క. డ్యూటీలో ఉన్న ఇద్దరు మాట్లాడుకుంటే తప్పేముంది? పంపు ఆగిపోయాక ఇక ఏ వంక పెట్టుకుని మాట్లాడతారు? ఇద్దరూ మహా మొహమాటస్తులు, వంక లేకపోతే నోరు పెగలదు. అందుకని ఆయన స్విచ్చు మీద వేలు పెట్టుకుని, నొక్కకుండా నించునేవాడు.

ట్యాంకు మెట్ల మీద పావురం గుడ్లు పెట్టిందని ఆమె చెప్పేది. పన్ను సలుపుతోందని ఈయన చెప్పేవాడు.

"పీకించుకోండి."

"భయమండీ."

"అంత పంపుని తిప్పుతారు, పన్నుకి భయమా?"

మూడు వారాలు మాటలన్నీ ఆ పన్ను మీదే నడిచాయి. పీకించుకున్నాక, రేపటి నుంచి ఏం మాట్లాడాలా అని ఆయన బెంగపడ్డాడు కూడా. చివరికి ఎప్పుడూ ఒకటే తంతు. "ఇక ఆపెయ్యనా అండీ?" అని ఈయన. "ఆపండి పంపుగారూ, వేడెక్కుతుంది" అని ఆమె.

ఇంతలో ఊరు పెరిగింది. చివరి వీధుల కుళాయిల్లో నీళ్లకి బదులు గాలి రావడం మొదలైంది. కొత్త పంపు వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన ఫిట్టరుని అందరూ బోల్టు బావ అంటారు. చిన్నా పెద్దా తేడా లేకుండా కనపడ్డ మగాణ్ణల్లా బావా అని పిలవడం అతని అలవాటు. పాత పంపు ఇంకో వారం తిరగాలి, దాని పక్కనే కొత్తదాన్ని కూర్చోబెడుతున్నాడు.

కొత్త పంపుతో ఒక కాగితం వచ్చింది. అలాంటి కాగితాలు ఎవరూ చదవరు. పంపు ఆపరేటరుకి చదవడానికి వేరే ఏమీ లేదు కాబట్టి రెండుసార్లు చదివాడు. నీళ్లు పారుతున్నప్పుడు ప్రెషర్ ఏడున్నర కేజీలు. అవతల దారి మూసేస్తే పద్నాలుగు. పాత పంపుకి పారుతుంటే ఐదున్నర, మూస్తే తొమ్మిది.

గొట్టాన్నీ వాల్వునీ కలిపే చోట రెండింటి అంచులకీ ఇనుప పళ్లెం లాంటిది ఉంటుంది, ఫ్లాంజి అంటారు. రెండు ఫ్లాంజిల మధ్య రబ్బరు వేసి చుట్టూ బోల్టులు బిగిస్తారు. అది ఎంత ప్రెషర్‌కి తయారైందో ఫ్లాంజి అంచునే అంకె పోతపోసి ఉంటుంది. బోల్టు బావ పంపుహౌసులో పాత ఫ్లాంజిలన్నీ తీసేసి పదహారు అంకె ఉన్నవి వేస్తున్నాడు.

"ట్యాంకు దగ్గరవి కూడా మార్చారా?" అని అడిగాడు ఆపరేటరు.

"అక్కడెందుకు బావా? అక్కడికి చేరేసరికి రెండు కేజీలేగా. అయినా ఈ సైజులో పదిదానికీ పదహారుదానికీ బెజ్జాలు ఒకటే. ఎనిమిది బోల్టులు. పెట్టగానే ఎలా కూర్చుందో చూడు."

"కూర్చోవడం సరే. ఓర్చుకోవద్దూ?"

"పదిదాన్ని పదిహేను దాకా పరీక్ష చేసే పంపుతారు. నీకు అనుమానాలు ఎక్కువ బావా."

బోల్టు బావ చెప్పినవి అబద్ధాలేం కావు. కొత్తగా ఉన్నప్పుడు పదిహేనుకి పరీక్ష చేస్తారు. ఇవి ముప్పై ఏళ్లనాటివి, వాటి బోల్టులు తుప్పుపట్టి పోగుల్లా ఉంటాయి. ఆ చివర గేజిలో రెండే కనిపిస్తుందన్నదీ నిజమే, నీళ్లు పారుతున్నంతసేపు. ఏడు కిలోమీటర్లు గొట్టాన్ని రాసుకుంటూ వెళ్లేసరికి ప్రెషర్ దారిలోనే హరించుకుపోతుంది. వాల్వు మూస్తే నీళ్లు కదలవు. కదలకపోతే దారిలో పోయేదేమీ ఉండదు, ఇక్కడి ప్రెషర్ మొత్తం అక్కడికి చేరుతుంది. పద్నాలుగంటే పద్నాలుగూ ఆమె గదిలోకి వెళతాయి. పంపు తిరుగుతుండగా అక్కడ వాల్వు మూస్తారని ఫిట్టరుకి తెలియదు, ఆఫీసుకీ తెలియదు. తెలిసింది ఇద్దరికే.

ఆ సాయంత్రం ఆయన స్విచ్చు మీద వేలు పెట్టుకునే అడిగాడు.

"ట్యాంకుగారూ, వాల్వు పక్కన ఫ్లాంజి అంచున కాస్త రంగు గీకి చూస్తారా? అంకె ఉంటుంది."

"దేంతో గీకను?"

"చాకేదైనా."

ఫోనులో గరగరమని చప్పుడు వినిపించింది. "ఒకటి ఉంది. పక్కన సున్నా. అంటే పది. అవతలివైపూ చూడనా?" మళ్లీ గరగర. "అదీ పదే. నా చాకు మొండిదైపోయింది పంపుగారూ. రేపు మీరే వచ్చి కూరలు తరగాలి."

ఆ మాటకి ఏదో ఒక జవాబు చెప్పి ఉండాల్సింది. వస్తానండీ అన్నా చాలు, రానండీ అన్నా చాలు. ఆయన మాత్రం, "మీ ఫోను ఎక్కడుందండీ?" అని అడిగాడు.

"వాల్వు పక్కన గోడకి."

"స్టూలు?"

"ఫోను కిందే. మీతో మాట్లాడుతూ దాని మీదే కూర్చుంటాగా."

"వాల్వుకి ఎంత దూరం?"

"మూరెడు ఉంటుంది. ఏం?"

 తొమ్మిదేళ్లుగా, సరిగ్గా ప్రెషర్ ఎక్కిన ఆ ఐదు నిమిషాలూ, మాటలు సాగదీసి ఆమెని ఆ ఫ్లాంజికి మూరెడు దూరంలో కూర్చోబెట్టింది తనే. తొమ్మిదికి పది ఓర్చుకుంది కాబట్టి సరిపోయింది.

విషయమంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. ఇక నుంచి బోర్డు మీద రాసినట్టే చేద్దామనుకున్నారు. ముందు ఫోను, తర్వాత పంపు ఆపడం, ఆ తర్వాతే వాల్వు. కొత్త పంపు వచ్చేలోగా చెయ్యి అలవాటు పడుతుందని మర్నాటి నుంచే మొదలుపెట్టారు.

"నిండుతోంది, ఆపండి."

"ఆగిందండీ."

"మూస్తున్నాను."

అంతే, ఫోను పెట్టేసేవారు. మూడు రోజులు అలా నడిచింది. అర నిమిషం పట్టేది. మూడో రోజు ఆయన ఫోను పెట్టేసి, పంపు ఆగిన నిశ్శబ్దంలో నించుని, అక్క వాళ్ల మేడ మీద గదికి కిటికీ ఏ వైపు ఉంటుందా అని ఆలోచించాడు.

నాలుగో రోజు ఐదూ పదిహేడుకి గేజిలో ముల్లు కదిలింది. ఐదున్నర నుంచి ఆరు, ఆరున్నర. ఆ చివర చక్రం తిరుగుతోందని ఆయనకి అర్థమైంది. వెంటనే స్విచ్చు నొక్కవచ్చు. నొక్కలేదు. ఏడు దాటింది, ఎనిమిది దాటింది, తొమ్మిది దగ్గర ఆగింది. ఫోను మోగింది.

"పంపుగారూ, నిండింది. పావురం పిల్లలు ఇవాళ ఎగిరాయండీ. ఒకటి ఎగిరింది గాని రెండోది మెట్టు మీదే కూర్చుని, ఎంత అదిలించినా..."

ఆయన విన్నాడు. స్విచ్చు మీద వేలు పెట్టుకుని, రెండో పిల్ల చివరికి ఎలా ఎగిరిందో పూర్తిగా విన్నాడు. హాయిగా ఉంది, మూడు రోజులుగా లేని హాయి. అప్పుడు కళ్లు గేజి మీద పడ్డాయి.

"ఇక్కడ తొమ్మిదండీ" అన్నాడు.

ఆమె ఠక్కున ఆగిపోయింది. "అయ్యో. చెయ్యి దానంతటదే తిప్పేసిందండీ. నాకు తెలియనే లేదు."

"నాకు తెలిసింది" అన్నాడాయన. "తెలిసీ ఆపలేదు."

ఆయన స్విచ్చు నొక్కాడు. తర్వాత ఆమె గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకండి. చెబితే నాకు ఈ గది ఉండదు. గోడకి పెద్దక్షరాలతో రాసి పెట్టుకుంటాను, ఇక మర్చిపోను" అంది.

"సరేనండీ."

సరే అన్నాడు గాని ఆ మాట ఆయనకే నచ్చలేదు. ఆమె గోడకి రాసుకుంటుంది, బాగానే ఉంది. తన గోడకి ముప్పై ఏళ్లుగా రాసే ఉందిగా.

మర్నాడు పొద్దున ఇంజనీరమ్మ వచ్చింది. ముప్పై దాటని మనిషి, మాట తక్కువ. కొత్త పంపు చుట్టూ తిరిగి బోల్టులు చూసి వెళ్లబోతుంటే ఆయన అడ్డంగా వెళ్లి నించున్నాడు.

"మేడమ్, ట్యాంకు గదిలో ఫ్లాంజిలన్నీ పదివే. ఈ పంపు మూస్తే పద్నాలుగు."

"పంపు తిరుగుతుంటే అక్కడ ఎవరు మూస్తారు?"

"రోజూ మూస్తామండీ."

ఆమె బోర్డు వైపు చూసి, ఆయన వైపు చూసింది. "ఎన్నాళ్లుగా?"

"తొమ్మిదేళ్లుగా."

"మూసిన వాల్వు మీద పంపు తిప్పుతూ ఆ కాసేపూ మీరు ఏం చేస్తున్నారు?"

"మాట్లాడుకుంటున్నామండీ."

బోల్టు బావ పకాలున నవ్వబోయి, ఆయన మొహం చూసి స్పానరు వెతుక్కోవడంలో పడ్డాడు. ఇంజనీరమ్మ నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఏవో అంకెలు వేసుకుంది.

"అక్కడ ఇరవైరెండు ఫ్లాంజిలు. అన్నీ మార్చాలంటే రెండు నెలలు ట్యాంకు ఆపాలి, చివరి వీధులవాళ్లు అన్నాళ్లు ఆగరు. పదిని పదహారు చెయ్యలేం గాని, పంపుని తొమ్మిదున్నర దాటనివ్వకుండా చెయ్యగలం. ప్రెషర్ అక్కడికి వస్తే పంపు దానంతటదే ఆగిపోతుంది. ట్యాంకులో ఫ్లోటు పెడదాం, నిండగానే ఆపేస్తుంది. అక్కడి వాల్వుని తెరిచి ఉంచి గొలుసు వేయిద్దాం. మనుషుల చేతుల మీద వదిలెయ్యడం మంచిది కాదు."

"మరి ఆవిడ?"

"ఆఫీసులో ఏదో ఒక పని చూస్తాను. ఈ తొమ్మిదేళ్ల సంగతి నేను కాగితం మీద పెట్టను."

"ఫోను?"

"ఫోనుతో ఇక పనుండదు" అంది ఇంజనీరమ్మ, దయగానే.

ఆ సాయంత్రం ట్యాంకు దగ్గరి ఆవిడ బోర్డు ప్రకారమే ముందుగా ఫోను చేసింది. ఆయన పంపు ఆపకముందే పొద్దుటి సంగతి చెప్పేశాడు, ఆపాక ధైర్యం ఉండదని.

"చెప్పారా?" అంది.

"చెప్పాను."

"చెప్పొద్దన్నాను."

"మీరు మూరెడు దూరంలో కూర్చుంటారండీ" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు. ఆమె లేకపోతే తను లేనట్టే అని చెప్పాలనుకున్నాడు. 

"ఆపండి" అంది ఆమె. పంపుగారూ అనలేదు. ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

కొత్త పంపు గట్టిది. ఐదూ ఇరవై దాకా ఎక్కడ, నాలుగుంపావుకే ట్యాంకు నింపేసి, టక్కుమని తనే ఆగిపోయేది. అంకెలన్నీ దేనికది సరిపోయాయి. పంపు పరిమితి ఫ్లాంజి అంకె లోపలే ఉంది, చివరి వీధుల్లో కుళాయిలు తుంపర్లు కొడుతున్నాయి, ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. తను చేసింది సరైన పనేనని ఆయనకి తెలుసు. అది తెలిసినందువల్ల సాయంత్రాలు ఏమీ పొట్టివి కాలేదు. పంపు ఆగాక పంపుహౌసులో నిశ్శబ్దం ఎంతగా ఉండేదంటే, గోడ గడియారం తన వైపు తిరిగి మాట్లాడుతున్నట్టుండేది. అయినా ఐదింటికి వెళ్లి ఫోను పక్కన కూర్చునేవాడు. ఐదున్నరకి లేచేవాడు.

అక్క ఫోను చేసి, ఎప్పటిలాగే రమ్మంది. సెలవు దొరకదని చెప్పబోయి ఆగాడు. "ఆలోచిస్తానక్కా" అన్నాడు. ఆవిడ కంగారుపడి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

మూడు వారాలకి బోల్టు బావ గ్రీజు డబ్బా కోసం వచ్చాడు. వెళుతూ గుమ్మంలో ఆగాడు.

"ఆవిడని ఫిర్యాదుల ఫోను దగ్గర వేశారు బావా. ఆ గది ఖాళీ చేయించారు, ఎక్కడో అద్దెకుంటోంది. అక్కడ నలుగురుంటారు, కాలక్షేపం అవుతుందిలే అనుకున్నాను. ఒక్కతే కూర్చుంటోంది." కాసేపు డబ్బా మూత తిప్పాడు. "నంబరు కుళాయి బిల్లు మీదే ఉంటుంది. ఎవరైనా చెయ్యొచ్చు."

ఆ నంబరుని ఆయన రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. మూడో రోజు ఐదూ ఇరవైకి చేశాడు. అవతల రెండో మోతకి ఎత్తారు.

"నీటి ఫిర్యాదుల విభాగం. చెప్పండి."

అదే గొంతు. ఆయన రిసీవరు చెయ్యి మార్చుకున్నాడు.

"చెప్పండి. నీళ్లు రావడం లేదా?"

"వస్తున్నాయండీ."

అటువైపు కుర్చీ కిర్రుమంది. ఫోను పెట్టేస్తుందనుకున్నాడు, పెట్టలేదు.

"ఎక్కడి నుంచి?"

"పంపుహౌసు."

కాగితం తిప్పిన చప్పుడు. "పేరు?"

తొమ్మిదేళ్లలో ఆమె అడగడం ఇదే మొదటిసారి. ఆయన చెప్పాడు. తన పేరు తనకే కొత్తగా వినిపించింది. ఆమె మెల్లగా, ఒక్కో అక్షరమే రాసుకుంటున్నట్టు కలం గీరుకున్న చప్పుడు వినిపించింది.

"ఫిర్యాదు ఏమిటి?"

"ఐదూ ఇరవైకి ఫోను మోగడం లేదండీ."

"ఎన్నాళ్లుగా?"

"ఇరవైనాలుగు రోజులుగా."

"కారణం ఏమైనా తెలిసిందా?"

"నేనే" అన్నాడు. "అయినా మళ్లీ అలాంటిదే వస్తే మళ్లీ అదే చేస్తానండీ. మీరు దూరంగా కూర్చుంటే చాలు నాకు."

కలం మళ్లీ గీరుకుంది.  తర్వాత ఆమె అందరితో అనే మాటే అంది. "రాసుకున్నాను. మూడు పనిదినాల్లో చూస్తారు."

"ఎవరు చూస్తారండీ?"

"ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను" అంది. "ఇంకో ఫోను మోగుతోంది. పెట్టేస్తున్నాను."

పెట్టేసింది. ఆయన వెంటనే లేవలేదు. పంపు ఎప్పుడో ఆగిపోయింది, చెయ్యాల్సిన పని ఏమీ లేదు. అక్కడే కూర్చుని, మూడు పనిదినాలంటే ఏ రోజు దాకా అవుతుందో వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. మధ్యలో ఒక ఆదివారం అడ్డొచ్చింది.